ఆ యాభై ఎవరివి?

బైబిల్లో కొన్ని కథలు ఉన్నాయి, వాటి దగ్గరికి రాగానే ప్రసంగం చేసేవాళ్ల నడక వేగం పెరుగుతుంది. లూకా సువార్త 16వ అధ్యాయం మొదట్లో వచ్చే కథ అలాంటిది. తెలుగు బైబిల్ ఆ కథలోని మనిషిని 'గృహనిర్వాహకుడు' అంటుంది. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ 'గుమాస్తా' అనే అన్నాం. మా బాపు ఇరవై ఏళ్లు ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాశాడు కాబట్టి ఆ మాట మాకు దగ్గరగా ఉండేది.

కథ చిన్నది. ఒక ధనవంతుడి దగ్గర గుమాస్తా ఉన్నాడు. ఆస్తి పాడు చేస్తున్నాడని ఎవరో అతని మీద చెప్పారు. యజమాని పిలిచి, లెక్క అప్పగించు, ఇక నీకు ఇక్కడ పని లేదన్నాడు. గుమాస్తా ఆలోచనలో పడ్డాడు. మట్టి తవ్వే బలం లేదు, అడుక్కోవాలంటే సిగ్గు. అప్పుడు యజమానికి బాకీ ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే పిలిపించాడు. నూరు కొలతల నూనె బాకీ ఉన్నవాడితో, నీ చీటీ తీసుకో, తొందరగా కూర్చుని యాభై అని రాసుకో అన్నాడు. నూరు కొలతల గోధుమలు బాకీ ఉన్నవాడితో ఎనభై రాయించాడు. రేపు పని పోయాక వీళ్ల ఇంట్లో ఇంత చోటు దొరుకుతుందని అతని ఆశ. ఇంతవరకు ఇబ్బంది లేదు, మన ఊళ్లో కూడా వినే కథే. ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. యజమాని ఆ అన్యాయస్థుణ్ని తెలివిగా చేశావని మెచ్చుకున్నాడు. ఆపైన యేసు తన శిష్యులతో, మీరు కూడా అన్యాయపు డబ్బుతో స్నేహితుల్ని సంపాదించుకోండి అన్నాడు.

దొంగ లెక్క రాసినవాణ్ని మెచ్చుకోవడమేమిటి? దీనికి పదహారు వందల ఏళ్లకు పైగా జవాబులు వెతుకుతున్నారు. వాటిలో కొన్నిటిని నేను గత రెండేళ్లలో చదివాను. నేను వేదాంతం చదువుకున్నవాణ్ని కాను. ఇంజనీరింగ్ చేసి, హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటూ బతికేవాణ్ని. కాబట్టి కథను కథగా చదవడం ఒక్కటే నా చేతనైన పని. అలా చదివితే ఈ వ్యాఖ్యాతలందరి మధ్యా ఉన్న గొడవ ఒక్క ప్రశ్నకు దిగుతుందని నాకు అనిపించింది. నూరులోంచి తగ్గిన ఆ యాభై అసలు ఎవరివి?

ముందుగా మన తెలుగు గురించి ఒక మాట చెప్పాలి. అనువాదం కూడా ఒక వ్యాఖ్యానమే. ఈ కథలో తెలుగు అనువాదకులు కొన్ని చోట్ల మనకు తెలియకుండానే తీర్పు ఇచ్చేశారు.

గుమాస్తాను మెచ్చుకున్నది ఎవరు? గ్రీకులో 'కురియోస్' అని ఉంది. ఆ మాటకు యజమాని అనీ అర్థం, ప్రభువు అనీ అర్థం. అంటే కథ ఎక్కడ ఆగింది, యేసు మాట ఎక్కడ మొదలైంది అన్నది మూలంలో తేలదు. తెలుగులో 'యజమానుడు' అని తేల్చేశారు. ఇక ఆ మెప్పు. గ్రీకులో అక్కడున్న మాటకు మూలం 'ఫ్రోనిమోస్'. మత్తయి సువార్తలో బండ మీద ఇల్లు కట్టినవాడికీ, దివిటీలకు నూనె సిద్ధంగా పెట్టుకున్న కన్యకలకూ, శిష్యులు పాముల్లా ఉండాలన్నప్పుడూ అదే మాట వాడారు. తెలుగులో ఇల్లు కట్టినవాడు బుద్ధిమంతుడయ్యాడు, కన్యకలు బుద్ధిగలవారయ్యారు, పాములకు వివేకం వచ్చింది. మన గుమాస్తా దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది 'యుక్తి' అయింది. ఒకే మాట ఇంటి మేస్త్రీకి బుద్ధిగా, గుమాస్తాకు యుక్తిగా కనిపించిందంటే అనువాదకులు కూడా ఇక్కడ కాస్త జంకారన్నమాట. వాళ్లను తప్పుపట్టలేను.

మూడోది డబ్బు. మూలంలో 'మామోనా' అనే అరామిక్ మాటను గ్రీకు అక్షరాల్లో అలాగే ఉంచారు. తెలుగులో 'సిరి' అన్నారు. సిరి మనకు మంగళకరమైన మాట. ఆడపిల్లలకు పేరు పెట్టుకుంటాం. మా ఆర్మూర్ వైపు పసుపు పండి ఇంటికి వస్తే సిరి వచ్చిందంటారు. దాని ముందు 'అన్యాయపు' అని చేర్చగానే ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఈ ఒక్క చోట అనువాదం కథకు మేలే చేసిందని నా అభిప్రాయం.

నాలుగోది కొలతలు. తెలుగులో నూనెకు మణుగులు, గోధుమలకు తూములు. రెండూ మన ఊరి కొలతలే. వినగానే ఒక మామూలు రైతు కళ్లముందుకు వస్తాడు. మూలంలో గోధుమల కొలత 'కోరు', అది ఒక్కటే 200 లీటర్లు దాటుతుంది. జర్మన్ పండితుడు యోవాకిం యెరెమియాస్ లెక్క ప్రకారం ఆ నూనె దాదాపు 146 ఆలివ్ చెట్ల దిగుబడి. తగ్గించిన యాభై నూనె, ఇరవై గోధుమలు రెండూ విలువలో సుమారు 500 దేనారాల చొప్పున వస్తాయి. దేనారం అంటే ఒక రోజు కూలి. కాబట్టి వీళ్లు రెండెకరాల రైతులు కాకపోవచ్చు, పెద్ద కౌలుదారులో వ్యాపారులో అయుండొచ్చు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఈ కథ చదివిన తీరుకు ఇది కొంచెం అడ్డం వస్తుంది.

ఇప్పుడు జవాబుల దగ్గరికి వద్దాం.

ఆ యాభై యజమానివే అన్నవాళ్లది పాత దారి. అంటే గుమాస్తా చేసింది మోసమే. నాలుగైదు శతాబ్దాల నాటి అగస్టీన్ ఈ ఉపమానంలో ప్రతిదీ అనుకరించడానికి కాదన్నాడు. ఇలాంటివాడే తన రేపటి గురించి ఇంత ఆలోచిస్తే మీరెంత ఆలోచించాలి అన్నది అతని పద్ధతి. లూకాలోనే 18వ అధ్యాయంలో అన్యాయస్థుడైన న్యాయాధిపతి కథ ఇలాగే పనిచేస్తుంది. యెరెమియాస్ కూడా ఇక్కడ మెచ్చుకున్నది మోసాన్ని కాదు, గడువు ముంచుకొచ్చినప్పుడు చేతులు ముడుచుకోకుండా కదలడాన్ని అన్నాడు. నేను చిన్నప్పటి నుంచి విన్న ప్రసంగాల్లో ఎక్కువ భాగం ఈ దారివే. ఈ దారిలో నీతికి దెబ్బ తగలదు. కాకపోతే కథలో డబ్బు అనవసరమైపోతుంది. తొందరపడటమే నీతి అయితే ఇల్లు కాలుతున్న కథ చెప్పినా సరిపోయేది. చీటీలూ బాకీలూ ఎందుకు?

సంస్కరణ కాలంలో గొడవ ఇంకో చోట వచ్చింది. డబ్బుతో స్నేహితుల్ని సంపాదించుకుంటే వాళ్లు మిమ్మల్ని నిత్యమైన నివాసాల్లో చేర్చుకుంటారన్న మాట కథ చివర ఉంది. దానం చేస్తే బీదలు మనకోసం పరలోకపు తలుపు తీస్తారని కాథలిక్ సంప్రదాయం దీన్ని చదువుకుంది. విశ్వాసంతోనే రక్షణ అన్న లూథర్‌కు ఈ వచనం గొంతులో ముల్లు. 1522లో దీని మీద ప్రసంగించాడు. దాన్ని ఆధారం చేసుకుని విలియం టిండేల్ 1528లో 'దుష్ట మామోను ఉపమానం' అని ఒక పుస్తకమే రాశాడు. మంచి పనులు పండు మాత్రమే, చెట్టు విశ్వాసం అన్నది వాళ్ల సమాధానం. రెండు పక్షాలూ చివరి వచనం కోసం కొట్లాడుకున్నాయి. యాభై తగ్గినవాడు ఇంటికి పోయి ఏమనుకున్నాడో రెండు పక్షాలకూ పట్టలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఒక కొత్త జవాబు వచ్చింది. 1961లో జె. డంకన్ ఎం. డెరెట్ అనే ఆయన, ఆ యాభై యజమానివి కావు, వడ్డీ అన్నాడు. ఈయన వృత్తి బైబిల్ కాదు. లండన్ విశ్వవిద్యాలయంలో హిందూ న్యాయశాస్త్రం చెప్పిన పండితుడు. మన దేశపు చట్టాల మీద పుస్తకాలు రాసినవాడు. తోటి యూదుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని నిర్గమ, లేవీయ, ద్వితీయోపదేశ కాండాలు చెబుతాయి. అందుకని కాగితం మీద వడ్డీ అని రాయరు. యాభై ఇచ్చి నూరు ఇచ్చినట్టు రాయించుకుంటారు. గుమాస్తా చేసిందల్లా ఆ దాచిన వడ్డీని తీసేసి అసలును మిగల్చడం. ధర్మశాస్త్రం ప్రకారం అది సరైన పనే. యజమాని కాదనలేడు, కాదంటే తాను వడ్డీ తిన్నట్టు ఒప్పుకోవాలి. మూడేళ్ల తర్వాత జెసూట్ పండితుడు జోసెఫ్ ఫిట్జ్‌మయర్ దీన్ని కొంచెం మార్చి, ఆ తగ్గించినది గుమాస్తా తన కమీషన్ అన్నాడు. అంటే తన సొమ్మే వదులుకున్నాడు.

ఇది చదివిన రోజు నేను బాపుకు ఫోన్ చేశాను. "యాభై ఇచ్చి నూరు రాయించుకునుడా? ఇండ్ల కొత్తేముంది?" అన్నాడు.

కొత్తేమీ లేదని నాకూ తెలుసు. మా వైపు పసుపు తొమ్మిది నెలల పంట. విత్తనం నుంచి తవ్వకం దాకా, ఉడకబెట్టి ఆరబెట్టి పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు చేర్చేదాకా చేతిలో డబ్బు ఉండదు. అడ్తి దుకాణంలో అప్పు తెచ్చుకుంటారు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ప్రోనోటు మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదు కాబట్టి ఆలోపు తిరగరాయిస్తారు. మూడేళ్లకు నూటికి 72 రూపాయలు వడ్డీ అవుతుంది. కొత్త కాగితం మీద 172 అసలుగా ఎక్కుతుంది. ఇంకో మూడేళ్లకు అది దాదాపు 296. కాగితం చూసినవాడికి అందులో వడ్డీ ఎక్కడా కనబడదు, అంతా అసలే. డెరెట్ పాత గ్రంథాలు తవ్వి తీసిన సంగతి మా బాపు రోజూ నీలం సిరా పెన్నుతో రాసిన సంగతే.

అయినా బాపు డెరెట్‌ను ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరాలు మూడు. నేను చదివిన వ్యాఖ్యానాల పక్కన పెట్టదగినవే అనుకుంటున్నాను.

మొదటిది, తొందర. "మంచి పని జేసెటోడు తొందరగ కూసో అని ఎందుకంటడు?" రెండోది, ఒక్కొక్కరినే పిలవడం. వడ్డీ మాఫీ అయితే అందరినీ కూర్చోబెట్టి చెప్పొచ్చు, పేరు కూడా వస్తుంది. మూడోది నేనెప్పుడూ గమనించనిది. "వాడు రాయలె సూడు. వాళ్లతోటే రాయించిండు." నిజమే. చీటీ గుమాస్తా దగ్గర ఉంది, చేతిరాత మాత్రం బాకీదారుది. రేపు సేటు అడిగితే పుస్తకంలో గుమాస్తా అక్షరం ఒక్కటీ ఉండదు. మా వృత్తి భాషలో చెప్పాలంటే లాగ్‌లో తన పేరు పడకుండా చూసుకున్నాడు. పైగా రాసినవాడు కూడా ఇందులో ఇరుక్కున్నాడు కాబట్టి రేపు తలుపు తీయక తప్పదు. ఇంత జాగ్రత్త పడినవాడు ధర్మశాస్త్రాన్ని నిలబెడుతున్నాడని నమ్మడం కష్టం. కథ కూడా అతన్ని చివరిదాకా అన్యాయస్థుడనే పిలిచింది. డెరెట్, ఫిట్జ్‌మయర్ ఇద్దరూ అతని చొక్కా మరీ తెల్లగా ఉతికారు.

ఈజిప్టు, లెబనాన్ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఉండి పాఠాలు చెప్పిన కెన్నెత్ బెయిలీ 1976లో రాసిన పుస్తకంలో ఈ తొందర సంగతి పట్టుకున్నాడు. ఆయన లెక్కలో గుమాస్తా పందెం కాసింది యజమాని మంచితనం మీద. పని తీసేశాడు తప్ప జైల్లో పెట్టించలేదు కదా. ఇప్పుడు ఊరంతా యజమానిని దయగలవాడని పొగుడుతుంటే ఆ మాఫీని వెనక్కి తీసుకుని పేరు చెడగొట్టుకోలేడు. ముందు అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడి కథ ఉండటం దీనికి బలం. ఆ కొడుకూ ఆస్తి పాడుచేశాడు, ఈ గుమాస్తా మీదా అదే నేరం. గ్రీకులో రెండు చోట్లా ఒకే క్రియ ఉంది. తెలుగులో కూడా రెండు చోట్లా 'పాడుచేయు' అనే ఉంది. ఇద్దరూ ఒంటరిగా కూర్చుని తమతో తాము మాట్లాడుకుంటారు. ఇద్దరూ తమకంటే పెద్ద మనసున్నవాడి మీద ఆధారపడతారు. కథగా చూస్తే నాకు అన్నిటికంటే నచ్చిన వ్యాఖ్యానం ఇదే. అయితే ఇందులో గొప్పతనమంతా సేటుకు పోయింది. 1994లో విలియం హెర్జోగ్ అనే పండితుడు దీన్ని తిరగేసి, పైన యజమాని, కింద బాకీదారులు, మధ్యలో నలిగే ఉద్యోగి కథగా చదివాడు. అది మా దుకాణానికి దగ్గరగా ఉంది.

ఇంకో వ్యాఖ్యానం ఉంది, దాన్ని ఎవరూ వ్యాసంగా రాయలేదు. కాథలిక్ చర్చిలో మూడేళ్లకొకసారి ఈ భాగం ఆదివారం పూజలో చదువుతారు. కిందటిసారి 2025 సెప్టెంబర్ 21న వచ్చింది. దానికి ముందు పాత నిబంధన నుంచి ఆమోసు 8వ అధ్యాయంలో కొన్ని వచనాలు చదువుతారు. విశ్రాంతి దినం ఎప్పుడైపోతుందా, అంగడి ఎప్పుడు తెరుద్దామా అని చూసే వ్యాపారులు అందులో ఉన్నారు. కొలపాత్ర చిన్నది చేస్తారు, త్రాసు మోసం చేస్తారు, గోధుమల్లో తాలు కలిపి అమ్ముతారు. యార్డులో తరుగు, కడ్తా అన్న మాటలు విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఈ రెండూ పక్కపక్కన చదివితే అనుమానం గుమాస్తా మీద నుంచి ఆ నూరు మీదికి జరుగుతుంది. అంత బాకీ ఎలా అయింది? రెండు పాఠాల్ని పక్కన పెట్టడం కూడా వ్యాఖ్యానమేనని నాకు అప్పుడు తెలిసింది.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి.

2004లో బాపు పని పోయింది. దుకాణంలోకి కంప్యూటర్ వచ్చింది, సేటు కొడుకు లెక్కలు చూసుకుంటానన్నాడు. పొద్దున్నే పుస్తకాలు, కాగితాలు అప్పగించమన్నారు. ఆ రాత్రి అవన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. మా చుట్టం కాకపోయినా బాపు 'మామా' అని పిలిచే ఒక రైతు వచ్చాడు. అతని కాగితం రెండుసార్లు తిరగరాసింది. మధ్యలో పసుపు అమ్మిన డబ్బు కొంత కట్టాడు. ఆ చెల్లు కాగితం వెనక ఎక్కలేదు. కట్టినట్టు బాపుకు తెలుసు. చెల్లు రాయాలంటే కట్టినవాడి చేతిరాతో సంతకమో ఉంటే చాలు. బాపు చేయాల్సిందల్లా ఆ కాగితం అతని ముందు పెట్టి, కూర్చో మామా, రాసుకో అనడమే.

బాపు కాగితం తీయలేదు. తెల్లారి సేటును అడుగుతానన్నాడు. అడిగాడు కూడా. సేటు అవేవీ నీ లెక్కలు కాదన్నాడు. తర్వాతి ఏడాది ఆ మామ ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్మాడు.

నాకప్పుడు పదిహేనేళ్లు. బాపు నిజాయితీ గురించి మా చర్చిలో ఒకసారి సాక్ష్యంలా చెప్పారు. ఇరవై ఏళ్లు పనిచేసి ఒక్క రూపాయి తేడా రాలేదని. నేను గర్వపడ్డాను. బాపు తల వంచుకుని కూర్చోవడం వినయమనుకున్నాను.

ఈ కథ వెనకే, రెండు వచనాల దూరంలో, కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడు ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడన్న మాట వస్తుంది. దొంగ లెక్క రాయించినవాణ్ని మెచ్చుకుని, వెంటనే నమ్మకస్తుణ్ని మెచ్చుకోవడం ఏమిటని పండితులు తలలు పట్టుకున్నారు. సి.హెచ్. డాడ్ 1935లో, ఇవి ఒకే ఉపమానం మీద మూడు వేర్వేరు ప్రసంగాల కోసం రాసుకున్న గుర్తుల్లా ఉన్నాయన్నాడు. కథ అంటే ఏమిటో లూకా కాలానికే ఏకాభిప్రాయం లేదన్నమాట. ప్రసంగికుల్లో చాలామంది నమ్మకత్వం వచనం దగ్గర ఊపిరి పీల్చుకుంటారు. అక్కడ నేల గట్టిగా ఉంటుంది. మా బాపును నిలబెట్టింది కూడా ఆ నేల మీదే.

నా అభిప్రాయం ఇది. గుమాస్తాను మంచివాణ్ని చేసే వ్యాఖ్యానాలు కథను తప్పించుకుంటున్నాయి. అతను స్వార్థంతోనే చేశాడు, కథ ఆ మాట దాచలేదు. అతన్ని హెచ్చరికగా మాత్రమే చూసే వ్యాఖ్యానాలు కూడా తప్పించుకుంటున్నాయి, ఎందుకంటే అవి ఆ ఇద్దరు బాకీదారుల్ని లెక్కలోకి తీసుకోవు. వాళ్లు పెద్ద వ్యాపారులే కానీ, ఆ సాయంత్రం వాళ్ల చీటీ మీద అంకె తగ్గింది. తగ్గించినవాడి మనసు మంచిదా కాదా అన్నదాన్ని బట్టి ఆ తగ్గింపు మారదు. ఆ యాభై ఎవరివో కథ చెప్పకపోవడం లోపమని నేనూ అనుకునేవాణ్ని. చెప్పి ఉంటే మనం గుమాస్తాకు తీర్పు చెప్పి పుస్తకం మూసేసేవాళ్లం. చెప్పలేదు కాబట్టి మన ఎదురుగా ఉన్న నూరు ఎవరివని అడగాల్సి వస్తోంది.

పోయిన ఫిబ్రవరిలో ఊరికి పోయాను. ఊరి బయట పసుపు ఉడకబెడుతున్నారు, ఆ వాసన ఇంటిదాకా వస్తోంది. ఈ వ్యాసం రాస్తున్నానని బాపుకు చెప్పి, డెరెట్, బెయిలీ, అందరి జవాబులూ వరసగా వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. చివర్న, మరి నువ్వేమంటవు బాపూ అని అడిగాను.

"వాడు మంచోడు కాదు బిడ్డా, దాంట్ల మాటే లేదు," అన్నాడు. కాసేపు ఆగి, "కని వాని వల్ల ఇద్దరికన్న బాకీ తగ్గింది. నా లెక్కల రూపాయి తేడ రాలె, నా వల్ల ఎవ్వరికీ తగ్గలె" అన్నాడు.

మరి అప్పుడు రాయించాల్సిందా అని అడిగాను. దానికి బాపు జవాబు చెప్పలేదు. ఆ మామ ఇల్లు మా వీధికి రెండు వీధుల అవతలే. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పటికీ మార్కెట్‌కు పోవాలంటే బాపు ఆ వీధిలోంచి పోడు, చుట్టు తిరిగి పోతాడు.